కీబోర్డు మీద గుఱ్ఱం ఎక్కేదెలా?

కంప్యూటర్లో తెలుగు కొట్టడం ఇప్పుడు బ్రహ్మవిద్యేం కాదు. చిక్కల్లా ఆ ఒక్క అక్షరంతోనే. ‘ఱ’ ఏ కీ కింద దాక్కుందో తెలియదు. అరసున్న దొరకదు. ఈమెయిల్ కోసం ఎట్ గుర్తు నొక్కితే కొటేషన్ మార్కు పడుతుంది. ఒక్కోసారి అక్షరం రావాల్సిన చోట ఖాళీ పెట్టె వెక్కిరిస్తుంది. పల్నాడు జిల్లా ధరణికోటలో ఓ పెద్దాయన రాసుకున్న పుస్తకాన్ని కాపాడబోతే ఈ తిప్పలన్నీ ఒక్కచోటే ఎదురయ్యాయి. అవేంటో, వాటి మందేంటో చూడండి.

‘‘ఏమే అమ్మాయ్, నువ్వు పేపర్లో పనిచేస్తావుగా. నా పుస్తకానికి తెగులు పట్టింది, ఓసారి వచ్చి చూసిపో.’’

మిరపతోటకు తెగులు పట్టిందన్నంత మామూలుగా చెప్పారు మా పెదనాన్న ఫోన్లో. ఆయన రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఉండేది ధరణికోటలో. అమరావతిని ఆనుకుని కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఊరే ఒకప్పటి ధాన్యకటకం, శాతవాహనుల రాజధాని. 1962-65 మధ్య ఇక్కడ పురావస్తు శాఖ తవ్వితే పడవలు వచ్చి ఆగే ఇటుకల రేవు బయటపడింది. అలాంటి ఊళ్లో పుట్టి ఊరికే కూర్చోవడం పెదనాన్న వల్ల కాలేదు. పొలాల పేర్లు, దిబ్బల పేర్లు, వాటి వెనకున్న కథలు, ధాన్యం కొలతలు, పాత దస్తావేజుల్లోని మాటలు... ముసలివాళ్ల చుట్టూ తిరిగి ఓ పుస్తకానికి సరిపడా పోగేశారు. 2004లో గుంటూరులోని ఓ డీటీపీ సెంటర్లో టైపు చేయించి సీడీలో పెట్టించుకున్నారు. అచ్చు వేయించడానికి డబ్బు కుదరక ఏటికేడాది వాయిదా పడింది. ఈలోగా చేత్తో రాసిన నోటుపుస్తకాల్ని చెదలు తినేశాయి. ఆయనకు చెప్పిన ముసలివాళ్లలో ఇప్పుడు ఒక్కరూ లేరు. మిగిలింది ఆ సీడీయే.

మనవడు ల్యాప్‌టాప్‌కి విడిగా సీడీ డ్రైవు తగిలించాడు. అందులో అసలు పుస్తకంతోపాటు, డీటీపీ కుర్రాడు అప్పట్లో ముందుచూపుతో విడిగా దాచిన మొదటి అధ్యాయం ఫైలు కూడా ఉంది. దాన్ని తెరిచాడు. తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు. అవీ మామూలువి కావు. కొన్నిటికి నెత్తిన టోపీలు, కొన్నిటికి కింద తోకలు, మధ్యమధ్య డిగ్రీ గుర్తులూ ప్రశ్నార్థకాలూ. పెదనాన్న కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారట. ‘‘ఒక్క ముక్క తెలుగు లేదేంట్రా’’ అన్నారట.

ఆ ఇంటికి కూతవేటు దూరంలోనే అమరావతి మ్యూజియం. అందులో రాతిపలకల మీద బ్రాహ్మీ అక్షరాలున్నాయి. రెండువేల ఏళ్లు దాటినా లిపి తెలిసినవాళ్లు ఇవాళ్టికీ గడగడా చదివేస్తారు. ఇరవై ఏళ్లనాటి సీడీలో ఉన్నది మాత్రం రాసిన మనిషికే చదవడం రావట్లేదు!

అద్దె ఇళ్లలో అక్షరాలు

ఈ తెగులు మీ ఇంట్లోనూ ఉండొచ్చు. 2000 ప్రాంతంలో టైపు చేయించిన కథలు, కరపత్రాలు, థీసిస్‌లు, గుడి చరిత్రలు ఏ పాత సీడీలోనో ఉంటే ఓసారి తెరిచి చూడండి.

కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఇంటి నంబరు లాంటి ఓ సంఖ్య ఉంటుంది. మొదట్లో మన దగ్గరికొచ్చిన కంప్యూటర్లలో ఉన్నవి మొత్తం 256 ఇళ్లు. వాటిలో అప్పటికే ఇంగ్లిష్, యూరప్ అక్షరాలు కాపురం ఉంటున్నాయి. తెలుగుకు సొంతిల్లు లేదు. దాంతో అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లు ఓ ఉపాయం పన్నాయి. తెలుగు అక్షరాల్ని తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అంటూ ముక్కలు చేసి, ఆ ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల ఇళ్లలో అద్దెకు దించాయి. పత్రికలూ పుస్తకాలూ పెళ్లికార్డులూ ఏళ్ల తరబడి ఆ అద్దె ఇళ్లలోంచే వచ్చాయి. అప్పటికి అంతకన్నా దారి లేదు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కాకపోతే ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో పంపకం. ఆ ఫాంటు కంప్యూటర్లో ఉన్నంతకాలం తెలుగు కనిపిస్తుంది. లేకపోతే తలుపు తీసేది ఇంటి ఓనరే. టోపీలూ తోకలూ పెట్టుకుని కనిపించింది ఆయనే.

1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్లోనే తెలుగుకు సొంతంగా 128 ఇళ్ల స్థలం కేటాయించారు. 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు మామూలు కంప్యూటర్లలోకీ వచ్చింది. అయినా ప్రెస్సులు అలవాటైన పాత ఫాంట్లను చాలాకాలం వదల్లేదు. పెదనాన్న పుస్తకం ఆ సంధికాలంలో పుట్టింది.

పుస్తకం మొత్తం ఉన్నది పేజ్‌మేకర్ ఫైలులో. ఆ సాఫ్ట్‌వేర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. తర్వాత దాన్ని ఆపేశారు. అదే కంపెనీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వరకూ వచ్చిన పాత వెర్షన్లు మాత్రం ఆ ఫైళ్లను తెరవగలవు. అదృష్టం కొద్దీ గుంటూరు అరండల్‌పేటలో ఓ ప్రెస్సువాళ్లు పాత కంప్యూటర్‌ని ఇంకా పారేయలేదు. అందులో ఫైలూ తెరుచుకుంది, తెలుగూ కనబడింది. ముందు పీడీఎఫ్ చేయించుకున్నాం. అందులో ఫాంటు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఏ కంప్యూటర్లో చూసినా రూపం చెడదు. తర్వాత, పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లో మొత్తం వేశాం. మీరూ ఆ పని చేయబోతే ముందు ఫాంటు పేరు రాసి పెట్టుకోండి. ఆ పేరు తెలియకపోతే ఏ కన్వర్టరూ చేసేదేం లేదు. పుస్తకమంతా ఒకేసారి కాకుండా ఒక పేజీ వేసి చూడటం ఇంకా మంచిది.

పెదనాన్న మొహం వెలిగింది. పావుగంటే. చదవడం మొదలుపెట్టాక మాస్టారు నిద్రలేచారు.

‘‘జాషువా గారి ఇంటిపేరు పాడుచేశారు.’’

‘ఱ’ దొరికింది

గుఱ్ఱం జాషువా వినుకొండలో పుట్టిన కవి. పల్నాడువాళ్లకు సొంత మనిషి. ఆయన ఇంటిపేరులో ఉండేది బండి ‘ఱ’. కన్వర్టర్లో నుంచి వచ్చాక అది ఒకచోట ‘గురం’, మరోచోట ‘గు’ పక్కన ఏదో గుర్తు. సరిచేద్దామంటే కీబోర్డు మీద ‘ఱ’ ఎక్కడ?

విండోస్‌లో ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘జె’ కీ నొక్కితే ‘ర’ వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని అదే నొక్కితే ‘ఱ’. కింద ఒత్తు కావాలంటే మధ్యలో ‘డి’ కీ. అది పొల్లు. అంటే ఱ, పొల్లు, ఱ... ‘ఱ్ఱ’ తయారు. ‘ఎక్స్’ కీ సున్న అయితే, షిఫ్ట్‌తో అదే అరసున్న. ఇంగ్లిష్‌లో కొడితే తెలుగు చేసే లేఖిని వంటి వాటిలో ~ గుర్తు వేసి ఆర్, ఏ కొడితే ‘ఱ’ వస్తుంది. @ తర్వాత పెద్ద ‘ఎం’ కొడితే అరసున్న. ఈ ఇంగ్లిష్ స్పెల్లింగుల పద్ధతికి మూలం అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో తెలుగువాళ్లు తయారుచేసుకున్నది. ఆర్‌టీఎస్ అంటారు. ‘ఆర్’ అంటే రైసే.

ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. విండోస్ కీ, కంట్రోల్, ‘ఓ’ మూడూ కలిపి నొక్కితే తెర మీదే కీబోర్డు బొమ్మ వస్తుంది. తెలుగు ఎంచుకుని, షిఫ్ట్ నొక్కి చూడండి. దాక్కున్న అక్షరాలన్నీ బయటికొస్తాయి. పెదనాన్నకు ఈ ఒక్కటీ చూపిస్తే చాలు, మిగతావి ఆయనే వెతుక్కున్నారు.

టైపు మిషను నేర్చుకున్నవాళ్లకు ఇంకో చిక్కు. అక్షరంతోపాటు చుక్కలతో గీసిన ఓ సున్న పడుతుంటుంది. అది కంప్యూటర్ ఫిర్యాదు. ‘ఈ గుణింతం ఎవరి మీద ఎక్కాలి, ఆసరా ఏదీ?’ అని. ముందు హల్లు, తర్వాత గుణింతం గుర్తు కొట్టాలి. కంటికి ఏది ముందు కనిపిస్తుందన్నది లెక్క కాదు. మనం పలికే వరసే దాని వరస. రెండు గుణింతాలు పొరపాటున పడినా ఇదే సున్న వస్తుంది. చెరిపేసి ఆ అక్షరం మళ్లీ కొడితే సరి.

కనపడని అక్షరం

రెండోరోజు వచ్చిన ఫిర్యాదు ఇంకా గట్టిది. పుస్తకంలో చేయూతనిచ్చినవాళ్ల పేర్లున్నాయి. ‘అమర్‌నాథ్’ అన్న పేరు ‘అమర్నాథ్’ అయి కూర్చుంది. ‘ర’ కిందికి ‘న’ ఒత్తు వెళ్లిపోయింది. పెళ్లికార్డుల్లో ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అయ్యేదీ ఇందుకే.

కంప్యూటర్‌కి తెలిసిన వ్యాకరణం ఒకటే. పొల్లు తర్వాత హల్లు వస్తే ఒత్తు చేసేయ్. ‘చెయ్యకు, విడిగా ఉంచు’ అని చెప్పడానికి మధ్యలో ఓ గుర్తు పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. మందం లేని, కంటికి కనిపించని అడ్డుగోడ. విండోస్ ఇన్‌స్క్రిప్ట్‌లో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కితే పడుతుంది. ఎంఎస్ వర్డ్‌లో అయితే ఇంగ్లిష్ కీబోర్డుకు మారి 200సి అని కొట్టి, వెంటనే ఆల్ట్ పట్టుకుని ‘ఎక్స్’ నొక్కినా వస్తుంది. తర్వాత ‘న’ కొట్టాలి.

కనపడదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. చాలా సాఫ్ట్‌వేర్లకు ‘అమర్‌నాథ్’, ‘అమర్నాథ్’ ఇద్దరు వేర్వేరు మనుషులు. జాబితాలో పేరుండీ వెతికితే దొరకడం లేదంటే, కొట్టినవాళ్లు ఒకలా, వెతికేవాళ్లు ఇంకోలా కొట్టారేమో చూడాలి.

ఈ కనపడని అక్షరం 2018 ఫిబ్రవరిలో ప్రపంచాన్నే ఓ ఊపు ఊపింది. ఎవరో పంపిన ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలేది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత మన అడ్డుగోడ, చివర దీర్ఘం... ‘జ్ఞా’లో పెట్టకూడని చోట ఈ గుర్తు పడింది. దాన్ని ఎలా గీయాలో తెలియక ఫోను సాఫ్ట్‌వేర్ తికమకపడింది. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. ‘జ్ఞా’నానికి అంత బరువుందని అమెరికావాళ్లకు అప్పుడే తెలిసిందేమో!

తూముకూ ఓ ఇల్లు

కొలతల అధ్యాయం దగ్గర పెదనాన్న కాస్త నీరుగారారు. పాత లెక్కల పుస్తకాల్లో తూముకు ఓ గుర్తు, కాలు, వీసం లాంటి భిన్నాలకు వేరే గీతలు ఉండేవి. 2004లో డీటీపీ కుర్రాడు ‘అవి రావండీ’ అంటే ఆ స్థలాలు ఖాళీగా వదిలేయించారట, చేత్తో వేసుకుందామని. చేత్తో వేసిన కాగితాలేమో చెదల పాలయ్యాయి.

ఆ కుర్రాడు చెప్పింది నిజమే. అప్పటికి వాటికి యూనికోడ్‌లోనూ ఇల్లు లేదు. 2008 ఏప్రిల్లో వచ్చిన 5.1 వెర్షన్లో తూము గుర్తుకూ, నాలుగుతో భాగించుకుంటూ పోయే మన పాత భిన్నాల అంకెలకూ కలిపి ఎనిమిది స్థానాలిచ్చారు. ‘చ’, ‘జ’ల మీద చిన్న రెండంకె వేసి పలికే ‘ౘ’, ‘ౙ’లకూ అప్పుడే చోటు దొరికింది. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు విడిగా ఇల్లు దొరికిందైతే 2021లో. అంటే తెలుగు అక్షరాల లిస్టు ఎప్పుడో పూర్తయిపోయిందనుకుంటాం కానీ, ఇంకా ఒక్కొక్కటీ గృహప్రవేశం చేస్తూనే ఉన్నాయి.

వర్డ్‌లో 0సి7ఎఫ్ కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కాం. ఖాళీ పెట్టె పడింది. ‘‘మళ్లీ మొదటికొచ్చింది’’ అన్నారు పెదనాన్న. రాలేదు. పెట్టె పడిందంటే అర్థం, అక్షరం ఫైల్లోకి చేరింది, దాని బొమ్మ మాత్రం ఆ ఫాంటులో లేదని. కొత్త ఫాంటు పెట్టగానే పెట్టె పోయి తూము వచ్చింది. పెట్టె కనిపించగానే చెరిపేసి మళ్లీమళ్లీ కొట్టేవాళ్లను చూస్తుంటాం. కొట్టాల్సింది అక్షరాన్ని కాదు, మార్చాల్సింది ఫాంటుని. అనుమానమైతే ఆ అక్షరాన్ని కాపీ చేసి ఫోనుకు పంపుకుని చూడండి. అక్కడ సరిగ్గా కనిపిస్తే రోగం మీ కంప్యూటర్‌దే.

పెళ్లికార్డు మీది ‘చి॥’లో నిలువు గీతలకు ఇంకో తమాషా ఉంది. ఆ గుర్తు తెలుగు ఇళ్లలో లేనే లేదు. దేవనాగరి వాడలో 0965 నంబర్లో ఉంటుంది. మన దేశ లిపుల్లో చాలావరకు దాన్నే ఉమ్మడిగా వాడుకోవాలి. తెలియనివాళ్లు రెండు నిలువు గీతలు పక్కపక్కన కొట్టి కానిచ్చేస్తారు. లైను చివర ఒక గీత ఇటు, ఒక గీత అటు పడితే మాత్రం చూడటానికి బాగుండదు.

ఎట్ కొడితే కొటేషన్

తెలుగు సరే, ఇంగ్లిష్ కీబోర్డు కూడా అప్పుడప్పుడు అలుగుతుంది. మేము పనిలో ఉండగానే మనవడు ‘‘తాతా, కీబోర్డు పాడైపోయింది’’ అంటూ వచ్చాడు. ఏదో ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతున్నాడు, గడువు ఆ సాయంత్రమే. ఈమెయిల్ దగ్గర షిఫ్ట్, 2 నొక్కితే @ బదులు కొటేషన్ పడుతోంది. కొత్త కీబోర్డు కొనేదాకా వెళ్లింది వ్యవహారం.

కీబోర్డు భేషుగ్గా ఉంది. అది బ్రిటన్ పద్ధతికి మారిపోయిందంతే. అక్కడ ఈ రెండు గుర్తుల స్థానాలు తారుమారు. @ కావాలంటే కొటేషన్ ఉన్న కీని షిఫ్ట్‌తో నొక్కాలి. విండోస్ కీ పట్టుకుని స్పేస్‌బార్ నొక్కుతూ పోతే ఉన్న పద్ధతులన్నీ వరసగా వస్తాయి. ఇండియా ఇంగ్లిష్ దగ్గర ఆగండి. పనిలో పనిగా రూపాయి కష్టమూ తీరుతుంది. 2010 జులైలో ప్రభుత్వం ఖరారు చేసిన ₹ గుర్తు ఈ పద్ధతిలో కుడివైపు ఆల్ట్, 4 నొక్కితే పడుతుంది. కొటేషన్ నొక్కితే ఏమీ రాక, తర్వాతి అక్షరం కొట్టాక రెండూ కలిసి వస్తున్నాయా? అయితే మీది అమెరికా ‘ఇంటర్నేషనల్’ పద్ధతిలో ఉంది. ఫ్రెంచి వాళ్ల టోపీ అక్షరాల కోసం కాసేపు ఆగి చూడటం దాని అలవాటు.

ఆల్ట్ పట్టుకుని 0176 కొడితే డిగ్రీ గుర్తు, 0189 కొడితే అర గుర్తు రావాలి. రావట్లేదంటే పైవరసలోని అంకెలు కొడుతున్నారని అర్థం. కుడిపక్క అంకెల పలకలోనే కొట్టాలి, నమ్‌లాక్ వెలుగుతూ ఉండాలి. చాలా ల్యాప్‌టాప్‌లకు ఆ పలకే ఉండదు. అప్పుడు విండోస్ కీతో ఫుల్‌స్టాప్ నొక్కండి. బొమ్మలతోపాటు గుర్తుల పట్టిక కూడా తెరుచుకుంటుంది.

నాగబు

దిద్దుబాటు పూర్తవడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఆఖరి ఆదివారం పెదనాన్న కొత్త కోరిక బయటపెట్టారు. అమరావతి శాసనంలో ‘నాగబు’ అనే మాట ఉందని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గుర్తించారు. తొలి తెలుగు మాట ఇదేనని మన పెద్దవాళ్లు చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. పుస్తకం అట్ట మీద ఆ మాట బ్రాహ్మీలో ఉండాలట.

‘‘బొమ్మ గీయించుకోవచ్చుగా పెదనాన్నా’’ అన్నాను.

‘‘బొమ్మెందుకు, టైపు చెయ్యి’’ అన్నారు.

టైపు చేయొచ్చు కూడా. 2010 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ 6.0లో బ్రాహ్మీ లిపికీ స్థానం ఇచ్చారు. మనకు గర్వంగా ఉండే సంగతి ఒకటుంది అందులో. మన భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్వించిన స్తూపంలో దొరికిన ధాతుకరండాల మీది రాత కాస్త వేరుగా ఉంటుంది. మిగతాచోట్ల దీర్ఘానికి వేసే గీతను అక్కడివాళ్లు హ్రస్వ ‘అ’కారానికి వాడి, దీర్ఘానికి వేరే గుర్తు పెట్టుకున్నారు. ఆ ఒక్క గుర్తు కోసం 11039 నంబరు ఇల్లు విడిగా ఇచ్చి, దానికి భట్టిప్రోలు పేరే పెట్టారు. ప్రపంచంలో ఏ కంప్యూటర్ తయారైనా ఆ జాబితాలో మన ఊరి పేరు ఉండాల్సిందే.

బ్రాహ్మీకి విండోస్‌లో కీబోర్డు లేదు. నంబర్లే గతి. విండోస్ 10 నుంచి వస్తున్న సెగో యూఐ హిస్టారిక్ ఫాంటు పెట్టుకుని, వర్డ్‌లో ఒక్కో నంబరూ కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కాలి. 11026 కొడితే ‘న’, 11038 దాని దీర్ఘం, 11015 ‘గ’, 11029 ‘బ’, 1103సి కొమ్ము. పెదనాన్న ఒక్కో అంకె మీద వేలు ఆనించి వెతుక్కుంటూ తనే కొట్టారు. అయిదు నంబర్లకి అయిదు నిమిషాలు. తెర మీద మ్యూజియంలోని రాళ్ల మీదున్నట్టే అక్షరాలు నిలబడ్డాయి.

వెంటనే మాచర్లలో ఉన్న తమ్ముడికి వాట్సప్‌లో పంపారు. రెండు నిమిషాలకు ఫోన్ మోగింది.

‘‘ఏందన్నయ్యా, ఏవో ఖాళీ పెట్టెలు పంపావు?’’

పెదనాన్న కంగారుపడలేదు. ‘‘పెట్టెలు కావురా. అక్షరాలు వచ్చినయ్, నీ ఫోన్లో ఫాంటు లేదు’’ అన్నారు.